ఇచ్చినదే నిలిచినది – సర్ టెరెన్స్ కాన్రన్ జీవితము

(జీర్ణోద్ధారణ, మహాకుంభాభిషేక సందర్భమున ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగ పాఠము)



గృహస్థుడు చేయదగిన సత్కార్యములను మన పెద్దలు రెండు తెగలుగా చెప్పినారు. యజ్ఞయాగాదులు ఇష్టము. చెరువు త్రవ్వించుట, బావి కట్టించుట, తోట నాటించుట, అన్నసత్రము నడుపుట, ఆలయము నిర్మించుట మొదలైనవి పూర్తము. ఈ రెండవ దానిలో ఒక సూక్ష్మము ఉన్నది. చెరువు త్రవ్వించినంత మాత్రమున దానము పూర్తి కాదు. నీరు నిండిన పిమ్మట యజమాని గట్టు మీద నిలిచి సంకల్పము చెప్పుకొని, ఇది ఇక నాది కాదు, సకల ప్రాణులది అని విడిచిపెట్టవలెను. ఆ విడుపునకే ఉత్సర్గము అని పేరు. ఆ క్షణము నుండి ఆ నీటి మీద త్రవ్వించినవానికి ఎంత హక్కో, దారిన పోవు బాటసారికిని అంతే హక్కు.

ఈ మాటను వివరించుటకు పురాణ కథ ఏదో ఎత్తుకొందునని మీరు అనుకొనియుందురు. కాని నేడు మీ ముందుంచునది మన కాలపు మనిషి కథ. ఆయన మన దేశమువాడు కాడు. మన శాస్త్రములు చదివినవాడు కాడు. ఇంగ్లండులో కుర్చీలు, బల్లలు చేయించి అమ్మిన వర్తకుడు. పాడుపడిన రేవు గిడ్డంగులను బాగుచేయించి నివాసయోగ్యముగా మార్చిన నిర్మాణదారు. ఒక కళాసంస్థను నెలకొల్పి ప్రజలకు అప్పగించిన దాత. ఆయన పేరు సర్ టెరెన్స్ కాన్రన్. ఆయన ఏమి సంపాదించినారు, ఏమి పోగొట్టుకొన్నారు, చివరకు ఏది నిలిచినది అను మూడు ప్రశ్నలతో ఆ జీవితమును చూతము.

కాన్రన్ గారు 1931 అక్టోబరు 4వ తేదీన లండను పొరుగున జన్మించినారు. చిన్ననాటి నుండి చేతిపని మీద మక్కువ. బాల్యముననే తరిమెన యంత్రము మీద పని చేయుచుండగా లోహపు ముక్క ఎగిరివచ్చి తగిలి ఒక కంటి చూపు పోయినది. అయినను పనిముట్టు వదలలేదు. బ్రయన్‌స్టన్ అను పాఠశాలలో డాన్ పాటర్ అను శిల్పి వద్ద కుమ్మరిపని, లోహపుపని నేర్చినారు. తరువాత లండనులోని సెంట్రల్ స్కూలులో వస్త్రముల మీది చిత్రరచనను అభ్యసించినారు. అచ్చట ఆయనకు బోధించినవారిలో ఎడ్వర్డో పవొలొట్సి అను ప్రసిద్ధ శిల్పి ఒకరు. గురుశిష్యులిద్దరును ఒక పనిశాలను పంచుకొన్నారు. లోహమును అతుకు విద్యను శిష్యుడు గురువునకు నేర్పగా, గురువు శిష్యునకు వంట నేర్పినారు. విద్య ఒక వైపు నుండియే ప్రవహించునది కాదని దీని వలన తెలియుచున్నది.

ఆ నాటి బ్రిటను స్థితిని గుర్తుంచుకొనవలెను. యుద్ధము 1945లో ముగిసినను అక్కడ ఆహార పదార్థముల రేషను 1954 వరకు సాగినది. ఇంటి సామాను విషయమున కూడ ప్రభుత్వము విధించిన యుటిలిటీ పథకము 1952 వరకు అమలులో ఉన్నది. అట్టి కరవు రోజులలో, 1951లో జరిగిన బ్రిటన్ మహోత్సవ ప్రదర్శన కొరకు కాన్రన్ గారు డెనిస్ లెనన్ అను వాస్తుశిల్పి వద్ద పనిచేసినారు. 1953లో లండను నడిబొడ్డున సూప్ కిచెన్ అను చిన్న భోజనశాల తెరచినారు. వేడి చారు, రొట్టె, కాఫీ; సామాన్యుడు చెల్లించగల వెల. ఒక ప్రక్క వంట, మరొక ప్రక్క వడ్రంగము. ఈ రెండింటినీ ఆయన తుదివరకు విడువలేదు.

కుర్చీలు చేయు కర్మాగారమును 1960వ దశకపు మొదట లండను నుండి నార్ఫోక్ మండలములోని థెట్‌ఫర్డ్ అను ఊరికి తరలించినారు. వస్తువు బాగుగనే వచ్చినది. కాని అమ్ము దుకాణములవారు దానిని ఒక మూల పడవేయుటయే గాని, దాని అందము తెలియునట్లు ప్రదర్శించుట లేదు. ఇతరులు సరిగా అమ్మనిచో మనమే అమ్ముదమని 1964 మే 11న లండనులో ఫుల్హమ్ రోడ్డు మీద హాబిటాట్ అను దుకాణమును ఆరంభించినారు.

ఆ దుకాణములో క్రొత్తదనము ఏమి? సున్నము వేసిన ఇటుక గోడలు, ఎఱ్ఱని పలకల నేల, గిడ్డంగిలో వలె గుట్టలు గుట్టలుగా పేర్చిన సరుకు. కుర్చీ, మంచము, దీపము, వంటపాత్ర, తివాచి, బొంత, అన్నియు ఒకే కప్పు క్రింద, ఒకే అభిరుచితో ఎంచినవి. విడిభాగములుగా కొని ఇంటికి పట్టుకుపోయి బిగించుకొను సామాను కూడ అందులో ఉన్నది. అందమైన వస్తువు ధనికుని ఇంటికే పరిమితము కాదు, జీతము మీద బ్రతుకు క్రొత్త దంపతుల ఇంటికి కూడ చేరవలెను అనునది ఆయన పట్టుదల. మన ఇండ్లలోని చెంబును, పీటను తలచుకొనుడు. చేతికి ఇముడు వంపు, నీరు ఒలుకని మూతి, కూర్చున్నవాని మోకాలికి తగిన ఎత్తు, వీటిని ఏ మహారాజును కోరలేదు. తరతరముల కంచరి, వడ్రంగి బుద్ధి వాటిలో ఇమిడియున్నది. నిత్యము వాడు వస్తువునందును కళ ఉన్నదన్న ఈ ఎఱుకనే ఆ దేశమువారు డిజైన్ అందురు. కాన్రన్ గారి జీవితమంతయు ఈ ఒక్క మాట మీద నడిచినది.

మన దేశముతో కూడ ఆ దుకాణమునకు నిజమైన సంబంధము ఉన్నది. 1960లో జాన్ బిస్సెల్ అను అమెరికా దేశీయుడు ఢిల్లీలో ఫాబ్ ఇండియా అను సంస్థను స్థాపించి, మన చేనేత వస్త్రములను, జంపఖానాలను విదేశములకు ఎగుమతి చేయసాగినారు. ఆ సంస్థ నుండి సరుకు కొన్న పెద్ద కొనుగోలుదారులలో హాబిటాట్ ముఖ్యమైనది. మగ్గము మీద కూర్చున్న మన నేతగాని చేతిపని ఆంగ్లేయ గృహస్థుని పడకగదికి ఈ దారిన చేరినది.

ఇక సంపద. 1973లో కాన్రన్ షాప్ అను మరొక దుకాణము తెరచినారు. 1974లో ఇల్లు తీర్చుకొను విధమును తెలుపు హౌస్ బుక్ అను పెద్ద గ్రంథము వెలువరించినారు. 1981లో హాబిటాట్ వాటాలు స్టాకు మార్కెట్టుకు వచ్చినవి. 1982లో మదర్‌కేర్ అను పసిబిడ్డల వస్తువుల సంస్థ కలిసినది. 1983లో హీల్స్ అను పాతకాలపు ఫర్నిచరు సంస్థ చేరినది. అదే సంవత్సరము రాణిగారు సర్ బిరుదము ఇచ్చినారు. 1986లో బ్రిటిష్ హోమ్ స్టోర్స్ అను మహా విక్రయసంస్థతో కలిసి స్టోర్‌హౌస్ అను పేర ఒక్క సంస్థ అయినది. చిన్న పనిశాలలో మొదలైన మనిషి వేలాది ఉద్యోగులు గల సంస్థకు అధ్యక్షుడైనారు.

దాతలారా! ఇచ్చట కొంచెము నిలిచి చూడుడు. 1981లో వాటాల వలన ధనము చేతికి వచ్చినప్పుడు ఆయన ఒక పని చేసినారు. ఆ ధనములో కొంత భాగమును ప్రక్కకు తీసి, కాన్రన్ ఫౌండేషన్ అను ధర్మనిధిని ఏర్పరచినారు. వ్యాపారము వేరు, ఈ నిధి వేరు. దీని ఉద్దేశ్యము, యంత్రములతో తయారగు నిత్యోపయోగ వస్తువులలోని కళను ప్రజలకు, విద్యార్థులకు చూపుట. ధనము పెరుగుచున్న కాలముననే, ఇంకను పెరిగిన తరువాత ఇత్తునని వాయిదా వేయక, ఇచ్చిన దానము ఇది. దీని విలువ ముందు ముందు తెలియును.

ఆ నిధితో లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో పూర్వము బాయిలరులు ఉన్న చోటును బాగుచేసి, స్టీఫెన్ బేలీ గారి నిర్వహణలో బాయిలర్‌హౌస్ అను ప్రదర్శనశాలను నడిపినారు. 1986 వరకు అది అచ్చట సాగినది. సోనీ సంస్థవారి రేడియోలు మొదలైన వస్తువులు, ఫోర్డు సియెరా కారు రూపొందిన క్రమము, ఇటలీ దేశపు మెంఫిస్ బృందము వారి వింత ఫర్నిచరు, ఇట్టివన్నియు కళాఖండముల వలె అచ్చట కొలువుదీరినవి. మ్యూజియములో కారు ఏమిటి అని విసుగుకొన్నవారు ఉన్నారు. వరుసలు కట్టి చూచినవారును ఉన్నారు.

ఇదే కాలమున ఆయన నిర్మాణదారుగా మారినారు. ఆయనకు క్రొత్త స్థలములో క్రొత్త భవనము లేపుట కంటె, శిథిలమైన పాత కట్టడమునకు ప్రాణము పోయుట మీదనే మక్కువ. మన భాషలో చెప్పవలెనన్న జీర్ణోద్ధారణము. దీనికి రెండు నిదర్శనములు చెప్పెదను.

మొదటిది మిషెలిన్ భవనము. టైర్ల కంపెనీ వారు 1911లో ఫుల్హమ్ రోడ్డు మీద కట్టించినది. రంగు పలకల మీద మోటారు పందెముల చిత్రములు, నిలువెత్తు రంగుటద్దముల కిటికీలు దాని సొమ్ములు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బాంబులకు వెఱచి ఆ అద్దములను విప్పి దాచిరి; తరువాత అవి కనబడకుండ పోయినవి. 1985లో కాన్రన్ గారు, పాల్ హామ్లిన్ అను గ్రంథప్రచురణకర్త కలిసి ఆ భవనమును కొన్నారు. పోయిన అద్దములకు మారుగా, పాత ఆధారములను పట్టుకొని, మొదటివాటి వంటివే తిరిగి చేయించి అమర్చినారు. 1987లో అచ్చట దుకాణము, బిబెండమ్ అను భోజనశాల ప్రారంభమైనవి. క్రొత్త అద్దము వేయుట సులభము, చవుక. పాతదాని రూపమును వెదకి నిలుపుట కష్టము, ఖర్చు. ఆయన కష్టమైనదానినే ఎంచుకొన్నారు. స్థపతులు విరిగిన శిల్పము స్థానమున అదే మానము, అదే లక్షణము గల శిల్పమును చెక్కుటకు ఎంత శ్రమపడుదురో మీరు ఎరుగుదురు కదా!

రెండవది బట్లర్స్ వార్ఫ్. థేమ్స్ నది దక్షిణ తీరమున, టవర్ బ్రిడ్జికి ప్రక్కనే 1871-73 నడుమ కట్టిన గిడ్డంగుల సముదాయము ఇది. ప్రపంచము నలుమూలల నుండి ఓడలలో వచ్చు తేయాకు, సుగంధద్రవ్యములు అచ్చట దిగెడివి. ఆ పేటలోని భవనములకు ఏలకి, లవంగము, దాల్చినచెక్క పేర్లు నేటికీ ఉన్నవి. ఓడల రవాణా పద్ధతి మారి పెద్ద పెట్టెల కాలము వచ్చుటతో 1972లో ఆ రేవు మూతపడినది. గోడలు నాచుపట్టి, కిటికీలు పగిలి పడియున్న ఆ పేటను 1980వ దశకములో కాన్రన్ గారు, ఆయన భాగస్వాములు చేపట్టినారు. వీధి మీదుగా ఒక గిడ్డంగి నుండి మరొకదానికి వేసియున్న ఇనుప వంతెనలను తీసివేయక అట్లే ఉంచి, నివాసగృహములు, దుకాణములు, భోజనశాలలు ఏర్పరచినారు. ఆ పేటలోనే ఒక అరటిపండ్ల గిడ్డంగిని తెల్లని సౌధముగా మార్చి, బాయిలర్‌హౌసులో మొలకెత్తిన సంస్థను డిజైన్ మ్యూజియం అను పేర ప్రతిష్ఠించినారు. 1989లో ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ దానిని ప్రారంభించినారు.

ఇంతవరకు ఎక్కుటయే. ఇక దిగుట. 1980వ దశకము ముగియు వేళకు బ్రిటనులో వడ్డీ రేట్లు పెరిగి, స్థలముల, ఇండ్ల వెలలు పడిపోయినవి. స్టోర్‌హౌస్ ఆశించినట్లు సాగలేదు. 1990లో ఆయన ఆ సంస్థను వీడినారు. స్వయముగా నాటి పెంచిన హాబిటాట్ దానితో పాటు చేయిదాటినది. 1992లో అది ఐకియా కుటుంబమునకు చెందిన ఇకానో సంస్థ చేతికి పోయినది. అదే 1990లో బట్లర్స్ వార్ఫ్ నిర్మాణ సంస్థ అప్పు తీర్చలేక రిసీవర్ల పాలైనది. ఒక్క సంవత్సరములో దుకాణమును పోయినది, రేవును పోయినది. అప్పటికి ఆయన వయస్సు 59.

మరి ఆ రేవు ఒడ్డుననే ఉన్న డిజైన్ మ్యూజియము ఏమైనది? దాని తలుపులు మూతపడలేదు. అది స్టోర్‌హౌస్ వాటాదారుల సొత్తు కాదు, నిర్మాణ సంస్థ అప్పుల పద్దులోనిదియు కాదు. ధర్మసంస్థ. దాత ఇల్లు కదలిపోయినను దానము కదలలేదు. 2016 జూను వరకు ఆ అరటిపండ్ల గిడ్డంగిలోనే అది వేలాది విద్యార్థులకు విద్యాశాలగా నిలిచినది. 1981లో ఉత్సర్గము జరిగియుండనిచో, ఆ ధనము కూడ 1990 నాటి సుడిలో పడి కొట్టుకొనిపోయి ఉండెడిది. ఇందులో మహిమ ఏదియు లేదు. తనది కానిదానిని ఏ అప్పులవాడును పట్టుకొనిపోలేడు, అంతే.

పోయినదానికి వగచుచు కూర్చుండక, ఆయన కాన్రన్ షాపును తిరిగి కొన్నారు. వంటశాలల వైపు మళ్ళి, బట్లర్స్ వార్ఫ్ ఒడ్డుననే 1991లో ల పోన్ ద లా టూర్, 1993లో నగరమధ్యమున క్వాగ్లినోస్ మొదలైన భోజనశాలలు తెరచినారు. 1997లో 1923 నాటి మోటారు గ్యారేజిని బ్లూబర్డ్ భోజనశాలగా మార్చినారు. ఇదియు జీర్ణోద్ధారణమే. బార్టన్ కోర్ట్ అను తన పల్లె నివాసపు ఆవరణలో షాన్ సట్‌క్లిఫ్ గారితో కలిసి స్థాపించిన బెంచ్‌మార్క్ అను వడ్రంగి పనిశాలలో పడుచువారు చెక్కపని నేర్చిరి.

ఆయన ఋషి అని నేను చెప్పుట లేదు. తన అభిరుచియే సరియైనదను గట్టి నమ్మకము గల మనిషి. అట్టివానికి విడిచిపెట్టుట మరియు కష్టము. దానికి ఒక పరీక్ష కూడ వచ్చినది. 2004లో డిజైన్ మ్యూజియమువారు కాన్‌స్టన్స్ స్ప్రై అను పుష్పాలంకరణ నిపుణురాలి మీద ప్రదర్శన ఏర్పాటు చేసినారు. యంత్రముల, వస్తువుల పనితనమును చూపవలసిన చోట పువ్వులు ఏమిటని వివాదము లేచినది. మ్యూజియము అధ్యక్షుడు జేమ్స్ డైసన్ పదవికి రాజీనామా ఇచ్చినారు. స్థాపకుడైన కాన్రన్ గారికిని ఆ ప్రదర్శన రుచించలేదు. ఆ మాట దాచుకొనలేదు. అయినను ప్రదర్శన జరిగినది. మ్యూజియము సాగినది. కాన్రన్ గారు తరువాత కూడ దానికి ఇచ్చుట మానలేదు.

భక్తులారా! నా మనస్సునకు మిక్కిలి హత్తుకొన్నది ఈ ఘట్టమే. ధనము ఇచ్చుట మొదటి ఉత్సర్గము. మాట చెల్లవలెనను పట్టును కూడ విడుచుట రెండవ ఉత్సర్గము. మొదటిది చేసినవారు వందమంది ఉందురు. రెండవది చేసినవారు వ్రేళ్ళ మీద లెక్కింపదగినవారు. చెరువు గట్టు మీద నిలిచి, నేను త్రవ్వించిన చెరువులో ఫలానావాడు స్నానము చేయరాదు అనువాడు చెరువును ఇంకను విడువలేదనియే అర్థము.

2011లో ఆయన మ్యూజియమునకు 1 కోటి 75 లక్షల పౌండ్ల విరాళము ప్రకటించినారు. మ్యూజియము పెద్ద చోటికి తరలుటకు ఆ ధనము ఊతమైనది. ఆ చోటు ఏది? లండను కెన్సింగ్టన్‌లో 1962లో ప్రారంభమైన కామన్‌వెల్త్ ఇన్‌స్టిట్యూట్ భవనము. మన దేశముతో సహా కామన్‌వెల్త్ దేశముల విశేషములను అచ్చట ప్రదర్శించెడివారు. గుడారము వలె వంపులు తిరిగిన రాగి కప్పు దాని ప్రత్యేకత. అదియు ఏండ్ల తరబడి ఖాళీగా పడియున్నది. కప్పును పైననే నిలిపియుంచి, క్రింది అంతస్తులను తొలగించి తిరిగి కట్టిన సాహసోపేతమైన పని అది. లోపలి భాగమునకు జాన్ పాసన్ రూపకల్పన చేసినారు. మొత్తము వ్యయము సుమారు 8 కోట్ల 30 లక్షల పౌండ్లు. 2016 నవంబరు 24న ద్వారములు తెరచినారు. పాత చోటుకు మూడు రెట్ల వైశాల్యము. శాశ్వత ప్రదర్శనను ఎవరైనను ఉచితముగా చూడవచ్చునని నిర్ణయించినారు. 2017లో ఆయనకు కంపానియన్ ఆఫ్ ఆనర్ అను గౌరవము లభించినది.

ఇప్పుడు లెక్క చూతము. ఆయన ఒకనాడు ఏలిన బ్రిటిష్ హోమ్ స్టోర్స్ చివరి దుకాణములు 2016 ఆగస్టులో మూతపడినవి. మూడు నెలలైనను గడువక ముందే, అదే సంవత్సరము నవంబరులో, ఆయన ఇచ్చిన మ్యూజియము క్రొత్త భవనములో ద్వారములు తెరచినది. బ్రిటనులోని మదర్‌కేర్ దుకాణములు 2020 జనవరి నాటికి మూతపడినవి. హాబిటాట్ పలుచేతులు మారినది. అదే 2020 సెప్టెంబరు 12న, 88 ఏండ్ల వయస్సులో, బార్టన్ కోర్ట్‌లో కాన్రన్ గారు కన్నుమూసినారు. తనదని పట్టుకొన్న మహాసంస్థలు ఆయన కన్నుల ముందే కరిగినవి. తనది కాదని విడిచిన ఒక్కటి ఆయన తరువాత కూడ నిలిచియున్నది.

ఈ సంచికను చదువుచున్న మీలో ఎందరో దాతలు ఉన్నారు. కొందరు శిల మీద పేరు చెక్కించుకొన్నారు. అందులో దోషమేమియు లేదు. పేరు చూచి మరొకరికి ఇచ్చు బుద్ధి పుట్టును. కాన్రన్ గారి పేరును ఆయన ఫౌండేషన్ మీద ఉన్నది. కాని ఆ జీవితము మనకు గుర్తుచేయునవి వేరు. ఇచ్చువాడు చేతిలో ఉన్నప్పుడే ఇయ్యవలెను. రేపటి సంపద మీద నేటి సంకల్పమును కట్టరాదు. ఇచ్చిన ధనమును స్వంత పద్దు నుండి వేరుచేసి, న్యాయబద్ధమైన నిధిగా కట్టుదిట్టము చేయవలెను. లేనిచో దాత కష్టము దానమునకును చుట్టుకొనును. పాతదానిని పడగొట్టుటకు ముందు నిలుపుటకు వీలున్నదేమో పదిమార్లు విచారింపవలెను. అన్నింటికిని మించి, ఇచ్చిన తరువాత ఆ సంస్థ మన మాట వినకపోయినను దాని మేలు కోరుచునే ఉండవలెను.

కట్టించుట బలము. నిలబెట్టుట ఓర్పు. విడిచిపెట్టుట ధర్మము. మీ చేతులమీదుగా జరిగిన ప్రతి సత్కార్యమును ఈ మూడవ మెట్టును చేరుగాక! మీరు ఇచ్చినది మీ మనుమల కాలమునకును అందరిదై వర్ధిల్లుగాక!

శుభమస్తు. స్వస్తి.